గూడబాతు ముక్కు మీది చుక్కలు: మామూలు 70-300 జూమ్‌కు టెలికన్వర్టర్ తగిలించిన ఒక చలికాలం

కైకలూరు దగ్గరి ఒక పల్లెలో పనిచేసే ఉపాధ్యాయుడు నవంబరులో మా స్టూడియోకు వచ్చారు. తరగతి గోడకు తగిలించడానికి కొల్లేటి పక్షుల పటం కావాలన్నారు. బజారులో దొరికే పటాల్లో పెంగ్విన్ ఉంటుంది, నిప్పుకోడి ఉంటుంది, బడి వెనక చెరువు మీద రోజూ ఎగిరే పిట్ట మాత్రం ఉండదు. ఆయన బాధ అదీ. పటం వెడల్పు రెండున్నర అడుగులు, అందులో పన్నెండు పక్షులు, ఒక్కొక్కటి 8 అంగుళాలకు తగ్గకుండా రావాలి. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి మరో మాట అన్నారు.

"గూడబాతు ముక్కు మీద చుక్కలు కనిపించాలండీ. పిల్లలు దగ్గరికి వచ్చి లెక్కపెట్టుకోవాలి."

గూడబాతు పై ముక్కు అంచు వెంట నీలి నలుపు చుక్కలు వరుసగా ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు ఆ పక్షికి 'స్పాట్-బిల్డ్ పెలికన్' అని పేరు పెట్టింది వాటిని చూసే. మాస్టారు అడిగింది న్యాయమైన కోరికే. దాన్ని తీర్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. టెలికన్వర్టర్ అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించి దృశ్యాన్ని పెద్దది చేసే చిన్న గాజు గొట్టం. తక్కువ ధర జూమ్ లెన్స్‌కు దాన్ని తగిలిస్తే ఏమవుతుందో ఆ రెండు నెలల్లో చేతులతో తెలుసుకున్నాను. ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చేతిలో ఉన్న సరంజామా

నా కెమెరా క్యానన్ 70డి. లెన్స్ క్యానన్ 70-300 మి.మీ. ఎఫ్/4-5.6 ఐఎస్, ఖరీదైన 'ఎల్' రకం కాదు. బరువు 630 గ్రాములు, మెడలో వేసుకొని రోజంతా తిరగవచ్చు. పెళ్లిళ్ల మధ్య దొరికే సెలవుల్లో పక్షుల కోసం తిరిగే నాలాంటివారికి ఇది చక్కని లెన్స్. అయితే ఈ తరగతి జూమ్‌లు అన్నింటిలాగే దీనికీ 200 మి.మీ. వరకు ఉన్న పదును 300 దగ్గర, పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌లో (వెలుగు లోపలికి వచ్చే రంధ్రంలో) ఉండదు. ఎఫ్/8కి మూస్తే తేరుకుంటుంది; ఎఫ్ పక్కన సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీని మీదే కథంతా నడుస్తుంది.

కన్వర్టర్ కొనేముందు చూడాల్సింది అది లెన్స్‌కు ఎక్కుతుందా లేదా అన్నది. క్యానన్ సొంత కన్వర్టర్ (వాళ్లు ఎక్స్‌టెండర్ అంటారు) ముందుభాగంలో గాజు బయటికి పొడుచుకొని ఉంటుంది. దాన్ని ఖరీదైన టెలిఫొటో లెన్స్‌ల వెనక ఉన్న ఖాళీని దృష్టిలో పెట్టుకొని తయారుచేశారు. నా 70-300 వెనక ఆ ఖాళీ లేదు, బలవంతం చేస్తే గాజుకు గాజు తగులుతుంది. నైకాన్‌లోనూ ఇంతే, వాళ్ల కన్వర్టర్లు మామూలు 70-300కు పనికిరావు. అందుకే గాజు లోపలికి ఉండే వేరే కంపెనీ 1.4 రెట్ల కన్వర్టర్ ఒకటి కొన్నాను. ఇటువంటివి కొనేటప్పుడు కెమెరానూ లెన్స్‌నూ దుకాణానికి తీసుకెళ్లి, అక్కడే తగిలించి చూసుకోవాలి.

కన్వర్టర్ చేసే పని చపాతీ వత్తడం లాంటిది. అదే పిండిముద్దను ఇంకాస్త వెడల్పుగా వత్తితే చపాతీ పెద్దదవుతుంది, పలచబడుతుంది. 1.4 రెట్లు సాగదీస్తే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, అంతే వెలుగు రెట్టింపు చోటుకు పంచాలి కాబట్టి ఒక స్టాప్ పోతుంది, అంటే వెలుగు సగమవుతుంది. ఎఫ్/5.6 కాస్తా ఎఫ్/8 అవుతుంది. 2 రెట్లదైతే రెండు స్టాప్‌లు పోయి ఎఫ్/11 అవుతుంది. పిండిలో ఉండలుంటే అవీ సాగుతాయి. లెన్స్‌లో ఉన్న మసక, తెల్లని అంచుల చుట్టూ వచ్చే ఊదారంగు గీత, అన్నీ 1.4 రెట్లు పెద్దవై కనిపిస్తాయి.

ఆటపాకలో మొదటి ఉదయం

కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడతాయి. చలికాలమంతా పిల్లల అరుపులతో ఆ చెరువు మోగిపోతుంటుంది. డిసెంబరు మొదటి వారంలో తెల్లవారుతూనే చేరుకున్నాను. 300కు 1.4 కలిపితే 420 మి.మీ., 70డిలో వెలుగును పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 672 మి.మీ. ఇచ్చేంత దృశ్యం. ఆ సంఖ్య తలచుకొని ఎంతో ఆశపడ్డాను.

గట్టు మీద నిలబడి, చేత్తో పట్టుకొని, వ్యూఫైండర్‌లోంచి చూసి బటన్ సగం నొక్కాను. లెన్స్ ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు వెళ్లింది. ఈ లెన్స్‌కు ఫోకస్ పరిధిని కుదించే మీట లేదు. తప్పిపోతే మీటరున్నర నుంచి అనంతం దాకా మొత్తం తిరిగి రావాల్సిందే. చేత్తో సర్దుదామంటే రింగు ఊరికే తిరగదు, ముందు పక్కనున్న మీటను మాన్యువల్‌కు జరపాలి. జరిపేలోగా తల్లి పక్షి పిల్ల నోటికి అందించిన సంచీని మూసేసి తల తిప్పుకుంది.

అప్పటికి సమయం ఏడు కూడా కాలేదు. అసలు ఎపర్చర్ ఎఫ్/8 దగ్గర 1/1000 సెకను కావాలంటే ఐఎస్ఓను (సెన్సర్ సున్నితత్వాన్ని) 3200కు పెంచాల్సి వచ్చింది. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఫోకస్ తప్పినవి కొన్ని, కదిలినవి కొన్ని, రెండూ సరిగ్గా ఉన్నా ఐఎస్ఓ పెంచితే వచ్చే నాయిస్ అనే చుక్కల మరకలో ఈకలు కలిసిపోయినవి మిగతావి. చుక్కలు లెక్కపెట్టగలిగే ఫొటో ఒక్కటీ లేదు. అదే రోజు కన్వర్టర్ లేకుండా తీసిన వాటిని కోసి పెద్దవి చేస్తే అవే మెరుగ్గా ఉన్నాయి.

కన్వర్టర్‌ను అమ్మేద్దామనుకున్నాను. కానీ ఒకేసారి మూడు తప్పులు జరిగినప్పుడు నేరం ఎవరిదో చెప్పలేం. ఫోకస్, వెలుగు, కదలిక ఈ మూడింటినీ విడదీసి చూడాలనిపించింది.

డాబా మీద తిథుల పరీక్ష

పరీక్షకు గోడ క్యాలెండర్‌ను మించినది లేదు. తేదీ కింద తిథి, నక్షత్రం అచ్చువేసిన చిన్న అక్షరాల ఎత్తు సుమారు 3 మి.మీ. ఉంటుంది. దాన్ని ఎదురింటి గోడకు అతికించి, 20 మీటర్ల దూరంలో మా డాబా మీద ట్రైపాడ్ పెట్టాను. లెక్క ప్రకారం ఆ అక్షరం 300 మి.మీ. వద్ద దాదాపు 11 పిక్సెళ్ల ఎత్తు, 420 వద్ద 15 పిక్సెళ్ల ఎత్తు రావాలి. ఇంగ్లీషు అక్షరాలు కాస్త మసకగా ఉన్నా ఆకారాన్ని బట్టి ఊహించి చదివేస్తాం. తెలుగులో తలకట్టు, వత్తు, గుడి కలిసిపోతే ఏమీ తెలియదు. అందుకే లెన్స్ నిజాయతీని పరీక్షించడానికి మన లిపి చాలా మంచిది.

కన్వర్టర్ లేకుండా, 300 దగ్గర ఎఫ్/5.6లో తీసింది కోసి 1.4 రెట్లు పెంచితే విదియ, తదియ ఒకటే అనిపించాయి. ఎఫ్/8కి మూసి తీసింది అలాగే పెంచితే మొదటి అక్షరం తేడా తెలిసింది. తర్వాత కన్వర్టర్ పెట్టి, లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీశాను. అక్షరం పెద్దదైంది, కానీ దాని అంచుకు ఊదారంగు పట్టింది, పైన చెప్పిన రెండో ఫొటో కంటే ఒక్క గుడి కూడా ఎక్కువ చదవలేకపోయాను. మసకను 1.4 రెట్లు పెంచడం అంటే ఇదే. చివరికి కన్వర్టర్‌తోనే లెన్స్‌ను ఎఫ్/8కి మూశాను, అంటే అసలు ఎపర్చర్ ఎఫ్/11. ఇప్పుడు వత్తులు విడిపడ్డాయి. "త్రయోదశి"లో త కింది రవత్తు కొస మొదటిసారి కనిపించింది.

ఆ తేడా చిన్నదే. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. కానీ ఉంది, మళ్లీ మళ్లీ తీసినా వచ్చింది. దానికి చెల్లించిన మూల్యం మాత్రం చిన్నది కాదు. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/11 దగ్గర సెన్సర్‌కు చేరే వెలుగు నాలుగో వంతే. అంతకంటే మూస్తే డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, సన్నని వివరం మళ్లీ కరిగిపోతుంది. అంటే ఈ లెన్స్‌కు కన్వర్టర్‌తో పనికొచ్చే ఎపర్చర్ దాదాపు ఒక్కటే.

స్నేహితుడి దగ్గర 2 రెట్ల కన్వర్టర్ అరువు తెచ్చి అదీ చూశాను. అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి, కొత్తగా చదవగలిగింది ఏమీ లేదు. మరునాడే తిరిగి ఇచ్చేశాను.

ఇక్కడ ఒక చిక్కు గురించి చెప్పాలి. నేను వాడిన కన్వర్టర్ ఈ లెన్స్‌తో ఉన్నప్పుడు తన సంగతి కెమెరాకు చెప్పదు. తెర మీద ఎఫ్/8 అని కనిపిస్తుంది, నిజానికి అది ఎఫ్/11. ఫొటోతో పాటు నమోదయ్యే వివరాల్లోనూ 300 మి.మీ. అనే ఉంటుంది. కెమెరా వెలుగును లెన్స్ గుండానే కొలుస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌కు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా తర్వాత పోల్చి చూసుకునేటప్పుడే. ఏ ఫొటో దేనితో తీశానో అక్కడికక్కడే చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఫోకస్ ఎందుకు తడుముకుంది

70డి వ్యూఫైండర్‌లోని 19 ఫోకస్ బిందువులు ఎఫ్/5.6 దాకా పనిచేసేలా తయారుచేసినవి. లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి అవి ఫోకస్‌ను వెతుకుతాయి. అసలు ఎపర్చర్ ఎఫ్/8కి దిగితే ఆ అంచు కిరణాలు సగం దారిలోనే తెగిపోతాయి. కన్వర్టర్ తన ఉనికిని దాచింది కాబట్టి కెమెరా ఆ సంగతి తెలియక ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఎండలో, నల్లని కొమ్మ మీద తెల్లని పక్షి ఉంటే ఒక్కోసారి దొరుకుతుంది. పొగమంచు వెలుగులో బూడిదరంగు గూడబాతు మీద దొరకదు.

పరిష్కారం కెమెరాలోనే ఉంది, నేనే దాన్ని వీడియోలకు తప్ప వాడలేదు. 2013లో వచ్చిన 70డి, సెన్సర్ మీదే ఫోకస్ చూసుకునే డ్యుయల్ పిక్సెల్ పద్ధతితో వచ్చిన మొదటి కెమెరా. లైవ్ వ్యూలోకి, అంటే వెనక తెర మీద చూస్తూ తీసే పద్ధతిలోకి, వెళ్తే ఫోకస్ బాధ్యత సెన్సర్‌దే, దానికి ఈ మసక వెలుగు అంత అడ్డు కాదు. వేగంగా ఉండదు, ఎగిరే పక్షికి పనికిరాదు. గూటిలో కూర్చున్న పక్షికి మాత్రం నెమ్మదిగా వెళ్లి సరిగ్గా కన్ను మీద ఆగుతుంది. ఆ తర్వాత తెర మీద 10 రెట్లు పెద్దది చేసి చూసుకోవచ్చు. వ్యూఫైండర్‌కు దృశ్యం చూపించే లోపలి అద్దం ముందే పైకి లేచి ఉంటుంది కాబట్టి అది కొట్టే దెబ్బకు కెమెరా అదిరే సమస్య కూడా పోతుంది.

ఈ రోజుల్లో అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొన్నవారికి ఈ సగం తలనొప్పి లేదు. క్యానన్ 2021లో తెచ్చిన ఆర్ఎఫ్ 100-400కు వాళ్ల సొంత 1.4 ఎక్స్‌టెండరే ఎక్కుతుంది. 560 మి.మీ., ఎఫ్/11 అవుతుంది, ఫోకస్ కూడా నడుస్తుంది. కానీ ఎఫ్/11 ఎక్కడైనా ఎఫ్/11 లాగే ఉంటుంది. వెలుగు లెక్క అక్కడా ఇదే.

గంట సేపటి కిటికీ

కదలిక సంగతి తేలిక. ఈ లెన్స్‌ను ట్రైపాడ్‌కు బిగించే పట్టీ (కాలరు) లేదు, కెమెరా అడుగునే బిగించాలి. కన్వర్టర్ చేరితే ముందుభాగం ఇంకా బరువెక్కి తల వాలుస్తుంది. పాత జీన్స్ ప్యాంటు కాలితో సంచీ కుట్టించి, అందులో రెండు కిలోల మినుములు పోసి, గట్టు మీది సిమెంటు దిమ్మపై పెట్టి దాని మీద లెన్స్‌ను ఆనించాను. ట్రైపాడ్ కంటే ఇదే గట్టిగా నిలిచింది. చేతి వణుకును తగ్గించే స్టెబిలైజర్ (లెన్స్ పేరులోని ఐఎస్) ఆపేసి, రిమోట్ తీగతో నొక్కాను. పడవలో ఇవేవీ కుదరవు. పడవ ఊగుతుంటే 420 మి.మీ. చట్రంలో పక్షిని నిలపడమే కష్టం. పడవ ఎక్కినప్పుడు కన్వర్టర్ సంచీలోనే ఉండాలి.

మూడోది వెలుగు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ఎండ బాగా వచ్చాక ఎఫ్/11 దగ్గర ఐఎస్ఓ 400తో 1/800 దొరుకుతుంది. అయితే పది గంటల వరకు ఆగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. రెండోసారి అలాగే ఆగాను. తొమ్మిదిన్నరకు తెర మీద 10 రెట్లు పెంచి చూస్తే గూడబాతు ముక్కు సన్నగా వణుకుతోంది. పక్షి కదలడం లేదు. గట్టు వేడెక్కి, చల్లని నీటి మీద గాలి పొరలు పొరలుగా లేస్తోంది. వేసవిలో తారు రోడ్డు మీద ఎండమావి ఆడినట్టే. అరవై మీటర్ల గాలిలోంచి చూస్తున్నప్పుడు ఏ లెన్స్ అయినా ఆ వణుకును చూపిస్తుంది, కన్వర్టర్ దాన్నీ పెద్దది చేస్తుంది.

పెందలాడే గాలి నిలకడగా ఉంటుంది, వెలుగు చాలదు. వెలుగు చాలే వేళకు గాలి నిలవదు. రెండూ కలిసే సమయం జనవరిలో నా అనుభవం ప్రకారం ఏడూ ముప్పావు నుంచి దాదాపు తొమ్మిది వరకు. ఆ గంట కోసమే ఏలూరు నుంచి నాలుగు ఉదయాలు వెళ్లాను. పొగమంచు ఆలస్యంగా విడిచిన ఒక రోజు ఆ గంట కూడా దొరకలేదు.

జనవరి మూడో వారంలో అది దొరికింది. సూర్యుడు వీపు వెనక ఉండే చోటు చూసుకొని ఏడింటికే మినుముల సంచీ సర్దుకున్నాను. గూడు దాదాపు 60 మీటర్ల దూరంలో ఉంది. అంత దూరంలో గూడబాతు తల, ముక్కు కలిపి 300 మి.మీ. వద్ద 490 పిక్సెళ్లు వస్తుంది, 420 వద్ద సుమారు 680. ఎనిమిదీ పదికి పిల్ల పక్షి తల్లి సంచీలో తలంతా దూర్చి మేత తింటోంది. బయటికి తీసి రెక్కలు టపటపలాడించింది. తల్లి ముక్కు దించి ఒక్క క్షణం నిశ్చలంగా నిలబడింది. అసలు ఎపర్చర్ ఎఫ్/11, 1/800, ఐఎస్ఓ 800. ముక్కు అంచు వెంట చుక్కలు ఒక్కొక్కటిగా, మధ్యలో లేత పసుపు ఖాళీతో విడివిడిగా వచ్చాయి. కన్వర్టర్ తీసి వెంటనే తీసిన ఫొటోలో చుక్కలున్నాయి, మధ్యలో ఖాళీ లేదు. చూస్తే గీత అనుకుంటాం.

లకుముకిపిట్టకు కన్వర్టర్ వద్దు

పటంలో నన్ను బాధపెట్టిన రెండో పక్షి నలుపు తెలుపు లకుముకిపిట్ట. పొడవు దాదాపు 25 సెం.మీ. కైకలూరు చుట్టూ ఉన్న చేపల చెరువుల మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయిలా నీళ్లలోకి పడుతుంది. గట్టు మీద నడిచి వెళ్తే 25 మీటర్ల దగ్గరే లేచిపోతుంది. ఆ దూరంలో 300 మి.మీ.తో పిట్ట 730 పిక్సెళ్లు, కన్వర్టర్‌తో 1020. నాకు కావలసింది 8 అంగుళాల ముద్రణకు కనీసం 1600. కన్వర్టర్ పెట్టినా చాలదు.

కాగితం మీద ఇంకో లెక్క వేస్తే సంగతి తేలింది. 25 మీటర్ల దగ్గర 1.4 కన్వర్టర్ పెట్టడం, కన్వర్టర్ లేకుండా 18 మీటర్ల దగ్గరికి వెళ్లడం, రెండూ పక్షి పరిమాణం విషయంలో ఒకటే. నేను కొన్న గాజు విలువ ఇక్కడ ఏడు మీటర్లు. ఆ ఏడు మీటర్లు దగ్గరకు వెళ్లగలిగితే స్టాప్ పోదు, పదును పోదు, వ్యూఫైండర్‌లో ఫోకస్ మామూలుగా నడుస్తుంది. పైగా మధ్యలో ఉండే గాలి తగ్గుతుంది.

ఒక చెరువు రైతును అడిగాను. ఆయన సంతోషంగా ఒప్పుకొని, "మా ఏరియేటర్ పక్క వెదురు గడ మీదే కూర్చుంటుందండీ, పొద్దున్నే చూడండి" అన్నారు. మనిషిని చూసి లేచిపోయే పిట్ట కారును పట్టించుకోదు. గడకు 11 మీటర్ల దూరంలో గట్టు మీద కారు ఆపి, అద్దం సగం దించి, అదే మినుముల సంచీని అద్దం మీద వేసుకొని కూర్చున్నాను. మొదటి రోజు రాలేదు. రెండో రోజు ఎనిమిదిన్నరకు చేపను ముక్కున కరుచుకొని వచ్చి గడ మీద వాలింది. దాన్ని గడకేసి రెండుసార్లు కొట్టి, తలవైపు తిప్పుకొని మింగింది. ఎఫ్/8, 1/1250, ఐఎస్ఓ 640. పిట్ట 1650 పిక్సెళ్లు దాటింది. కంటిలో కారు కిటికీ ప్రతిబింబం ఉంది.

అందుకే ఎవరైనా కన్వర్టర్ కొనాలా అని అడిగితే నేను ముందు అడిగేది వాళ్ల లెన్స్ గురించి కాదు, మధ్యలో ఉన్న దూరం ఎలాంటిది అని. గూళ్లున్న చెరువులో 60 మీటర్లు దాటకూడని దూరం. మనం దగ్గరికి వెళ్తే తల్లి లేచిపోతుంది, గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు వదిలేసినట్టవుతుంది. అక్కడ కన్వర్టర్ ఇచ్చే కొంచెం వివరం కోసం నాలుగు ఉదయాలు కూర్చోవడం సబబే. చేపల చెరువు గట్టు ఓపిక ఉంటే దాటగల దూరం, అక్కడ అది అనవసరపు బరువు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఇవే గూడబాతులు ఊరి చెరువు చెట్ల మీద ఇంకా దగ్గరగా కూర్చుంటాయి. అక్కడ 300 చాలు. ఎగిరే పక్షి అయితే ఈ లెన్స్‌తో కన్వర్టర్ ఆలోచనే వద్దు.

ఫొటోలు సిద్ధం చేసేటప్పుడు కన్వర్టర్ ఫొటోకు కాస్త ఎక్కువ పని పడింది. కాంట్రాస్ట్ తక్కువగా వచ్చింది, ముక్కు అంచున ఊదారంగు తీసేయాల్సి వచ్చింది. పదును పెంచేటప్పుడు చేయి బిగపట్టుకోవాలి, లేకపోతే ఈకలు తీగల్లా తయారవుతాయి.

ఫిబ్రవరిలో పటం బడి గోడకెక్కింది. చూడటానికి వెళ్తే నలుగురు పిల్లలు గూడబాతు దగ్గర వేళ్లు పెట్టి లెక్కపెడుతున్నారు. ముక్కు కొస నుంచి సగం దాకా అందరి లెక్కా ఒకటే. మొదలుకు వచ్చేసరికి తేడా వస్తోంది. ఒకమ్మాయి లెక్కలో రెండు ఎక్కువ. దగ్గరికి వెళ్లి చూశాను. తల్లి ఆ క్షణంలో తల కాస్త అవతలికి తిప్పి ఉండటంతో అక్కడి చుక్కలు ఒకదాని వెనక ఒకటి పడి కలిసిపోయాయి. పూర్తిగా పక్కకు తిరిగిన ముక్కు కావాలి. వచ్చే జనవరిలో మళ్లీ ఆ గట్టుకే వెళ్తానని ఆ అమ్మాయికి చెప్పాను. మినుముల సంచీ కారు వెనక సీటులోనే ఉంది.